మణికట్టు ఎవరిది?

మహమ్మద్ అజారుద్దీన్ గురించి తెలుగులోనూ ఉర్దూలోనూ చిన్నప్పటి నుంచి చదువుతూ వస్తున్నాం. 2000 సంవత్సరానికి ముందు వచ్చిన రాతల్లో 'మణికట్టు' అన్న మాట లేనిది అరుదు. ఆ తర్వాతి రాతల్లో 'మచ్చ' అన్న మాట లేనిది అరుదు. ఒకటి పొగడ్త, ఇంకొకటి తెగడ్త. పైకి ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి. కాస్త గీకి చూస్తే రెండింటి కిందా ఒకే రంగు బయటపడుతుంది. రెండూ అతను చేసిన పనిని వదిలేసి అతని పుట్టుకను పట్టుకున్న మాటలే. పొగిడినప్పుడు రక్తంలో ఉన్న కళ అన్నారు, తిట్టినప్పుడు రక్తంలో ఉన్న ద్రోహం అన్నారు. పని మాత్రం రెండు చోట్లా మాయమైంది.

ఈ మాట అనడానికి మేము ఎవరం? కర్నూలు, కడప సాయిబులం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో రెండూ. అజర్ మా ఊరివాడు కాదు, మా జిల్లావాడు కాదు. అయినా పదిహేనేళ్ళ పాటు అతని ప్రతి ఇన్నింగ్స్‌కూ జవాబు చెప్పుకోవలసి వచ్చినవాళ్ళం మేమే. కనుక అతని జీవితాన్ని ఎలా చదవాలో చెప్పే హక్కు మాకూ ఉంది.

ముందు మణికట్టు సంగతి. ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని ఆఫ్ వైపే ఆడాలని క్రికెట్ పాఠం. అజర్ ఆ బంతిని చివరి క్షణంలో తిప్పి మిడ్ వికెట్ వైపు పంపేవాడు. చూసినవాళ్ళు ఇంద్రజాలం అన్నారు, దైవదత్తం అన్నారు. హైదరాబాదీ కనుక నవాబీ సొగసు అన్నారు. నవాబు ఎక్కడినుంచి వచ్చాడో మాకు అర్థం కాదు. 1963 ఫిబ్రవరి 8న సామాన్యమైన మధ్యతరగతి కుటుంబంలో పుట్టినవాడు అజర్. ఆల్ సెయింట్స్ బడిలో చదివాడు, నిజాం కాలేజీలో చదివాడు, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేశాడు. ఇందులో నవాబు లేడు. బడి ఉంది, కాలేజీ ఉంది, నెల జీతం ఇచ్చే ఉద్యోగం ఉంది.

ఆ దెబ్బ వెనక ఉన్న పని ఏమిటో ఒకసారి చూడండి. చేతులు తిరగడానికి ముందే కళ్ళు పని పూర్తి చేయాలి. బంతి బౌలర్ చేతిని విడిచిన వెంటనే అది ఎక్కడ పడుతుందో లెక్క కట్టాలి. తల కదలకూడదు. బరువు ముందు కాలి మీదికి రావాలి. బ్యాటు ముఖం ఒక్క రవ్వ ముందుగా మూసుకుంటే బంతి అంచుకు తగిలి గాలిలోకి లేస్తుంది. ఒక్క రవ్వ ఆలస్యమైతే ప్యాడుకు తగిలి ఎల్బీడబ్ల్యూ అవుతుంది. ఆ రెండు రవ్వల మధ్య ఉన్న సందును కనుక్కోవడానికి ఒక మనిషి ఎన్ని వేల బంతులు ఆడి ఉండాలి? 99 టెస్టుల్లో 105 క్యాచ్‌లు పట్టిన చేతులవి. క్యాచ్ ఇంద్రజాలంతో దొరకదు. పొద్దున్నే లేచి పట్టిందే పట్టి, పట్టిందే పట్టి చేతులు వాచిపోతే దొరుకుతుంది.

గవాస్కర్ ఆటను సాధన అన్నారు, ఏకాగ్రత అన్నారు. అజర్ ఆటను వరం అన్నారు. విశ్వనాథ్‌నూ తర్వాత లక్ష్మణ్‌నూ కూడా మణికట్టు ఆటగాళ్ళని మెచ్చుకున్నారు కదా అని మిత్రులు అడగవచ్చు. నిజమే. కాని వాళ్ళ మణికట్టుకు ఎవరూ వంశవృక్షం వెతకలేదు. అది విశ్వనాథ్ మణికట్టు, అది లక్ష్మణ్ మణికట్టు. అజర్ దగ్గరికి వచ్చేసరికే అది చార్మినార్ నీడలోనుంచి, షాయరీలోనుంచి, బిర్యానీలోనుంచి పుట్టుకొచ్చిన మణికట్టు అయింది.

మా సీమలో మణికట్టుతో బతికే సాయిబులు వేలమంది. దూదేకే విల్లు నారి మీద కొయ్యతో దెబ్బ వేసే చెయ్యి మణికట్టుతోనే పని చేస్తుంది. దెబ్బ బలంగా పడితే నారి తెగుతుంది, మెల్లగా పడితే దూది విచ్చుకోదు. బీడీ చుట్టే ఆడవాళ్ళది మణికట్టు పని. కడప బండను నునుపు చేసేవాడిది, దర్జీది, మాంసం కొట్టేవాడిది మణికట్టు పని. ఈ మణికట్లను ఎవరూ ఇంద్రజాలం అనరు. కూలి అంటారు, ఆ కూలి కూడా బేరమాడి ఇస్తారు. ఒకే మనుషుల చేతుల్లో ఉన్నది స్టేడియంలో వరమై, బజారులో చవక శ్రమ ఎందుకవుతుంది? శ్రమ అని ఒప్పుకుంటే ధర కట్టాలి, నేర్చుకునే వసతి ఇవ్వాలి. వరం అంటే చేతులు దులుపుకోవచ్చు. అల్లా ఇచ్చాడు, సర్కారుకేం పని?

ఆ వసతి మాటకు వస్తే, అజర్‌కూ మాకూ మధ్య తుంగభద్ర అడ్డం ఉంది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956లో ఆ రాజధాని హైదరాబాదుకు పోయింది. రాష్ట్రాలు కలిశాయి గాని క్రికెట్ కలవలేదు. రంజీ ట్రోఫీలో హైదరాబాదుది ఒక జట్టు, ఆంధ్రది ఒక జట్టు. కర్నూలు, కడప పిల్లలు ఆంధ్ర కిందికి వస్తారు. రేషన్ కార్డు మీద 2014 దాకా రాష్ట్రం ఒకటే, మాట్లాడే ఉర్దూ దాదాపు ఒకటే. రంజీలో మాత్రం అజర్ మాకు ఎదుటి జట్టువాడు. సీమ పిల్లవాడు ఆంధ్రకు ఆడాలంటే కోస్తా గుమ్మం తొక్కాలి. హైదరాబాదుకు ఆడాలంటే హైదరాబాదులో పుట్టాలి లేదా అక్కడ బతకాలి.

కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టారు కనుక మా వాళ్ళలో కొందరికి డిగ్రీ దక్కింది. ఆటకు అలాంటి ఇల్లు లేదు. కడపలో రంజీ మ్యాచ్‌లు ఆడదగ్గ స్టేడియం వచ్చింది ఈ శతాబ్దంలోనే. అంతకు ముందు మా పిల్లలకు ఉన్నది ఎండిన వంక, కంకర నేల, కార్క్ బంతి, రంజాన్ నెలలో తరావీహ్ నమాజు తర్వాత వీధి దీపం కింద దొరికే రెండు గంటలు. ఆ కంకర నేల మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు కనుక మా పిల్లలు బంతిని ఆఖరు క్షణం దాకా చూసి ఆడటం నేర్చుకున్నారు. అదీ సాధనే. దాన్ని చూసి రాసినవాడు లేడు, ఎంపిక చేసినవాడు లేడు. ఒక్క అజర్‌ను చూపించి, ప్రతిభ ఉంటే ఎవరైనా పైకి రావచ్చునని మాకు చెప్పారు. బడీ, కాలేజీ, బ్యాంకు ఉద్యోగం ఉన్నవాడు పైకి వచ్చాడు. లేనివాళ్ళలో కొందరు కువైట్ పోయారు. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళలో బ్యాటు పట్టిన చేతులు ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు?

ఇక పరీక్ష సంగతి. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ వచ్చిందంటే ముస్లిం మొహల్లా మొత్తానికీ పరీక్ష. టీ అంగడిలో, ఆఫీసులో, బస్సులో అదే ప్రశ్న: "మీరు ఎవరి పక్షం సాయిబూ?" నవ్వుతూనే అడుగుతారు. నవ్వుతూనే జవాబు చెప్పాలి. జవాబు ఎంత గట్టిగా చెబితే అంత అనుమానం, మెల్లగా చెబితే ఇంకా అనుమానం. ఈ ప్రశ్న పక్కింటి రెడ్డిగారినీ శెట్టిగారినీ ఎవరూ అడగరు.

మైదానంలో దిగిన ముస్లింకూ ఇదే పరీక్ష. హైదరాబాదు సంస్థానం మీద పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబర్‌లో. అదే ఏడాది డిసెంబర్ 31న కలకత్తాలో హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఇండియాకు మొదటి టెస్టు ఆడాడు. 1952లో పాకిస్తాన్ తన మొట్టమొదటి టెస్టుకు ఢిల్లీ వచ్చింది. ఆఖరి వికెట్‌కు హేము అధికారితో కలిసి గులాం అహ్మద్ 109 పరుగులు జోడించాడు. పదకొండో నెంబరుగా దిగి తాను 50 కొట్టాడు. ఇండియా ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. పోలీసు చర్య జరిగిన నాలుగేళ్ళకే ఒక హైదరాబాదీ ముస్లిం పాకిస్తాన్ బౌలర్లను విసిగించి ఏడిపించిన సంగతి ఇది. దేశభక్తి పాఠాల్లో ఇది ఎక్కడైనా చదివారా?

అబ్బాస్ అలీ బేగ్ కథ ఇంకోటి. అతనూ హైదరాబాదీయే. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఉండగా 1959లో మాంచెస్టర్ టెస్టుకు పిలుపు వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసులో మొదటి టెస్టులోనే 112 కొట్టాడు. మరుసటి ఏడాది బొంబాయిలో ఆస్ట్రేలియా మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ యాభైలు కొడితే ఒక అమ్మాయి మైదానంలోకి పరుగెత్తుకొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. దేశం ముద్దు పెట్టినట్టే అనుకున్నారు. కొద్ది నెలలకే 1960-61లో పాకిస్తాన్ వచ్చింది. బేగ్ నాలుగు ఇన్నింగ్స్‌లో 1, 13, 19, 1 చేశాడు. కావాలనే ఔటయ్యాడని, పాకిస్తాన్‌కు అమ్ముడుపోయాడని ఉత్తరాలు వచ్చాయి. జట్టులో చోటు పోయింది. మళ్ళీ పిలవడానికి ఆరేళ్ళు పట్టింది, అదీ రెండు టెస్టులకే. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడికి ఫాం పోవడం అందరికీ ఉన్న హక్కు. బేగ్‌కు మాత్రం అది దొరకలేదు.

ఈ నేపథ్యంలో అజర్‌ను చూడాలి. 1984 డిసెంబర్ 31న, గులాం అహ్మద్ దిగిన కలకత్తాలోనే, అదే తేదీన మొదటి టెస్టు మొదలుపెట్టాడు. కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు ప్రపంచంలో మరొకరు కొట్టలేదు. 1990లో కెప్టెన్ అయ్యాడు. ప్రపంచ కప్పులో పాకిస్తాన్ మీద ఇండియా 1992లో సిడ్నీలో గెలిచింది, 1996లో బెంగుళూరులో గెలిచింది, 1999లో కార్గిల్ యుద్ధం నడుస్తుండగా మాంచెస్టర్‌లో గెలిచింది. మూడు సార్లూ కెప్టెన్ అజారుద్దీనే. మూడోసారి తానే 59 పరుగులు చేశాడు. ఈ దేశంలో ముస్లింను అడిగే పరీక్షలో ఇంతకంటే ఎక్కువ మార్కులు ఎవరికీ రావు. అయినా పరీక్ష రద్దు కాలేదు. ఎందుకు కాలేదంటే, ఆ పరీక్ష పాసు చేయడానికి పెట్టింది కాదు. ఎప్పటికీ రాస్తూనే ఉండమని పెట్టింది.

1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. మరునాడు దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ మైదానంలోకి ఇండియా జట్టు దిగింది. ముందు నడిచిన కెప్టెన్ పేరు మహమ్మద్ అజారుద్దీన్. నల్లవాళ్ళ మీద వివక్ష వల్ల ఇరవై ఏళ్ళు వెలివేసిన దేశంతో ఇండియా ఆడుతున్న మొదటి పర్యటన అది. ఆ నెలలోనూ మరుసటి నెలలోనూ బొంబాయి తగలబడింది. జనవరి నెలాఖరులో కలకత్తాలో ఇంగ్లండ్ మీద అజర్ 182 కొట్టాడు. ఆ సిరీస్ ఇండియా 3-0తో గెలిచింది.

అప్పుడు మా లౌకికవాద మిత్రులు మాకు ఏమి చెప్పారో గుర్తు చేసుకోవాలి. "దేశానికి కెప్టెనే ముస్లిం అయినప్పుడు వివక్ష ఎక్కడిది?" మంచి మనసుతోనే అన్నారు. కాని అద్దాల బీరువాలో పెట్టిన ఒక్క వెండి కప్పును చూపించి వంటింట్లో బియ్యం ఉన్నాయని నమ్మించలేరు. కెప్టెన్ ముస్లిం కావడం వల్ల కర్నూలు పాతబస్తీలో ఒక్క ఇంటికి బ్యాంకు అప్పు పుట్టలేదు. బొంబాయిలో ఒక్క దుకాణం కాలకుండా మిగలలేదు. మతతత్వవాది అజర్‌ను అనుమానించాడు, లౌకికవాది అజర్‌ను రుజువుగా చూపించాడు. ఇద్దరిలో ఎవరూ అతన్ని ఆటగాడిగా ఉండనివ్వలేదు. రుజువుగా నిలబెట్టిన మనిషి తడబడితే వాదమంతా కూలిపోతుంది. ఆ బరువు అతని భుజం మీద ఎవరు పెట్టారు?

మా ఇళ్ళలోనూ ఇదే జరిగింది. గోడ మీద మక్కా మదీనా పటాల పక్కన అజర్ బొమ్మ ఉండేది. ఉర్దూలో అతన్ని కౌమ్‌కు గర్వం అని రాసేవారు. కౌమ్ అంటే ఉర్దూలో దేశమూ అవుతుంది, మా జనమూ అవుతుంది. తెలుగులో జాతి అన్న మాటా అంతే. జాతి గౌరవం అంటారు, ఏ జాతో చెప్పరు. గెలిచినప్పుడు రెండు అర్థాలూ కలిసే ఉంటాయి. ఓడినప్పుడు మాట రెండుగా చీలుతుంది. 1996 మార్చి 9న బెంగుళూరులో పాకిస్తాన్‌ను ఓడించిన అజర్ దేశానికి కెప్టెన్. నాలుగు రోజుల తర్వాత, మార్చి 13న, కలకత్తా సెమీఫైనల్లో టాస్ గెలిచి శ్రీలంకకు బ్యాటింగ్ ఇచ్చి, తాను సున్నాకు ఔటై, ఇండియా 1 వికెట్‌కు 98 నుంచి 8 వికెట్లకు 120కి కూలి, జనం సీసాలు విసిరి సీట్లు తగలబెట్టిన రాత్రి అతను సాయిబు. ఆ మనిషి నాలుగు రోజుల్లో మారలేదు. కౌమ్ అన్న మాటకు అర్థం మారింది.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోనే ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. తనను బుకీకి పరిచయం చేసింది అజరేనని క్రోనే విచారణలో చెప్పాడు. సీబీఐ నివేదిక వచ్చింది. 2000 డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు అజర్ మీదా అజయ్ శర్మ మీదా జీవితకాల నిషేధం పెట్టింది. అజయ్ జడేజా, మనోజ్ ప్రభాకర్‌లకు ఐదేళ్ళు. అజర్ ఆరోపణలను ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్ళాడు. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని తీర్పు చెప్పింది. అప్పటికి అతనికి 49 ఏళ్ళు. 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద 102 కొట్టిన టెస్టే అతని ఆఖరి టెస్టు అయింది. మొదటి టెస్టులో సెంచరీ, ఆఖరి టెస్టులో సెంచరీ. మొత్తం 6215 పరుగులు, 22 సెంచరీలు. నూరో టెస్టు రాలేదు.

ఇక్కడ మేము రెండు వైపులా మాట్లాడాలి. క్రోనే దైవభక్తి గల క్రైస్తవుడు. అతను డబ్బు తీసుకున్నానని ఒప్పుకుంటే చర్చిని ఎవరూ నిలదీయలేదు. శర్మ, జడేజా, ప్రభాకర్‌ల మతాన్ని ఎవరూ తవ్వలేదు. అజర్ విషయంలో మాత్రం దుబాయ్ వచ్చింది, షార్జా వచ్చింది, అండర్‌వరల్డ్ వచ్చింది, వాటి వెనకే పాకిస్తాన్ వచ్చింది. గల్ఫ్‌లో ఇసుక మోసి ఇంటికి డబ్బు పంపే కడప మనిషి కూడా ఆ జాబితాలో చేరిపోయాడు. ఇది ఒక వైపు. రెండోవైపు, మైనారిటీ కావడం వల్లే తనను లక్ష్యం చేసుకున్నారన్న మాట ఆ రోజుల్లో అజర్ నోట వచ్చింది. విమర్శలు రాగానే ఆ మాట సర్దుకున్నాడు. మా వాళ్ళు చాలామంది ఆ మాటను పట్టుకుని వేలాడారు. మేము దాన్ని ఒప్పుకోం. బుకీ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు బుకీ గురించే ఉండాలి. కాలిన బస్తీల పేరు, కూలిన మసీదు పేరు ఒక క్రికెటర్ బ్యాంకు ఖాతాకు కాపలా పెట్టడానికి కాదు. ముస్లిం కనుక దొంగ అన్నవాడిదీ, ముస్లిం కనుక నిర్దోషి అన్నవాడిదీ ఒకే వ్యాకరణం. 'కనుక' అన్న మాట దగ్గరే ఇద్దరూ తప్పిపోయారు.

ఇలాంటి కథ ఇంకో దేశంలో, ఇంకో బ్యాటు ఆటలో జరిగింది. అమెరికా బేస్‌బాల్‌లో జో జాక్సన్ అని ఒకడుండేవాడు. సౌత్ కరోలినాలో చిన్నతనంలోనే బట్టల మిల్లులో పనికి కుదిరినవాడు, చదవడం రాయడం రానివాడు. అతని బ్యాటింగ్ సగటు .356, ఆ ఆటలో ఎన్నదగ్గ అంకె. అతన్నీ పుట్టుకతో వచ్చిన ఆట అన్నారు. మిల్లు మైదానాల్లో పడ్డ చెమటను ఎవరూ లెక్కపెట్టలేదు. 1919 ప్రపంచ సిరీస్‌ను డబ్బు తీసుకుని ఓడిపోయారని షికాగో జట్టులో ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. 1921లో జ్యూరీ నిర్దోషులంది. మరునాడే బేస్‌బాల్ కమిషనర్ అందరినీ జీవితకాలం వెలివేశాడు. జాక్సన్ 1951లో చనిపోయాడు. వెలి జాబితా నుంచి అతని పేరు తీసింది 2025లో.

మాకు అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఆ కుంభకోణం వెనక ఆర్నాల్డ్ రాత్‌స్టీన్ అనే యూదు జూదరి పేరు వినిపించింది. వెంటనే కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ నడిపిన పత్రిక 1921లో, బేస్‌బాల్‌ను యూదులే చెడగొట్టారని రాసింది. బంతి కొట్టిన ఎనిమిది మంది యూదులు కారు. అయినా నేరం యూదులది. జూదరి ఒకడు, జవాబుదారీ జనమంతా. 1921లో అమెరికాలో యూదుల మీద నడిచిన తర్కమే 2000లో ఇక్కడ మా మీద నడిచింది. ఇది ఒక మతానికి పట్టిన శని కాదు. తక్కువ మంది ఉన్న ప్రతిచోటా ఎక్కువ మంది వాడే కొలబద్ద.

అజర్ మీద 2016లో ఒక హిందీ సినిమా వచ్చింది. ఇమ్రాన్ హష్మీ కాలర్ ఎత్తుకుని, మెడలో తాయెత్తు కనబడేలా నడిచాడు. కోర్టు కథ, ప్రేమ కథ, గెలుపు. ఆ సినిమా అతన్ని కడిగి ఇవ్వాలనుకుంది గాని అర్థం చేసుకోవాలనుకోలేదు. ఒక మనిషి అంత గొప్ప ఆట ఆడుతూ అదే సమయంలో అంత ఒంటరిగా ఎందుకున్నాడు, గెలిచిన రోజు రుజువై ఓడిన రోజు నిందితుడయ్యే మనిషికి నమ్మదగ్గ స్నేహితులు ఎవరు మిగులుతారు అని అది అడగలేదు. మచ్చ తుడిచే సినిమా కూడా మచ్చను నమ్మే సినిమాయే.

తర్వాతి జీవితంలోనూ పుట్టుక అతన్ని వదల్లేదు. 2009లో కాంగ్రెస్ అతన్ని లోక్‌సభకు పంపింది. హైదరాబాదు నుంచి కాదు, ముస్లిం ఓట్లు ఎక్కువున్న ఉత్తరప్రదేశ్ మొరాదాబాదు నుంచి. 2019లో హైదరాబాదు క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 2025 అక్టోబర్ 31న తెలంగాణలో మంత్రిగా ప్రమాణం చేశాడు. 47 టెస్టుల్లో దేశానికి కెప్టెన్సీ చేసిన మనిషికి అప్పగించినవాటిలో మైనారిటీ సంక్షేమం ఉంది, క్రీడలు లేవు. దీన్ని గౌరవం అన్నవాళ్ళున్నారు. మాకు మాత్రం పాత మణికట్టు కథే కొత్త అక్షరాల్లో కనిపించింది. అతనికి తెలిసిన పనికన్నా అతని పేరే మళ్ళీ ముందుకొచ్చింది.

అజర్ వారసత్వం అంటే మాకు అతని స్కోరు పుస్తకం ఒక్కటే కాదు. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఇండియా ఓడితే ఆ రాత్రి మహమ్మద్ షమీని తిట్టిన తిట్లు, 1960లో అబ్బాస్ అలీ బేగ్‌కు వచ్చిన ఉత్తరాలకు మనవలు. అప్పుడు కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా షమీ పక్కన నిలబడ్డాడు. బేగ్‌కు ఆ మాత్రం దొరికినట్టు మేము ఎక్కడా చదవలేదు. అది మార్పే, ఒప్పుకుంటాం. హైదరాబాదు ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ 2025 ఆగస్టు 4న ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసి ఇండియాను 6 పరుగులతో గెలిపించాడు. ఆ సిరీస్‌లో అతనివి 23 వికెట్లు, ఐదు టెస్టులూ ఆడాడు. ఈసారి చాలామంది అతని చెమట గురించి, ఓవర్ల లెక్క గురించి రాశారు. ఫాస్ట్ బౌలర్‌ను నవాబు అనడం కష్టం కాబోలు. ఏమైతేనేం, పనిని పని అన్నారు. మాకు కావలసింది అదే.

అందుకే ఈ విమర్శ అజర్‌ను కాపాడటానికి రాసింది కాదు, వదిలేయడానికీ కాదు. అతని 6215 పరుగులు అతని సాధన. అతని మీద వచ్చిన ప్రశ్నలు అతనివి, చెప్పిన జవాబులు అతనివి, చెప్పని జవాబులూ అతనివే. అందులో మా వాటా లేదు. పొగడ్తలో మాకు వాటా ఇస్తామన్నవాళ్ళు రేపు నిందలోనూ వాటా పంచుతారు. రెండూ వద్దు. మా సీమ పిల్లవాడికి బంతి సరిగా లేచే ఒక పిచ్, నేర్పే ఒక మనిషి, ఎంపిక రోజు బస్సు చార్జీ ఇవ్వండి. బాగా ఆడితే ఆటగాడనండి. ఆడలేకపోతే ఆడలేదనండి. తప్పు చేస్తే అతని పేరు పెట్టి అడగండి, అతని నాన్న పేరు, వీధి పేరు, మసీదు పేరు వద్దు. గొప్పవాడిగా ఉండే హక్కు ముస్లింకు ఈ దేశం ఎప్పుడో ఇచ్చింది. సున్నాకు ఔటై, తల వంచుకుని, మామూలు మనిషిలా పెవిలియన్‌కు నడిచిపోయే హక్కు మాకు ఇంకా రావలసి ఉంది.